నాలుగున్నర మైళ్ల రైల్వే: స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్ చరిత్ర, సరకు రవాణా

పట్టాలబాట:

అమెరికాలో షార్ట్‌లైన్ అని పిలిచే చిన్న రైల్వే కంపెనీల ప్రస్తావన ఈ వేదికలో అప్పుడప్పుడూ వస్తూనే ఉంది కానీ, ఒక కంపెనీని తీసుకుని దాని పుట్టుక నుంచి నేటి నడక దాకా వివరంగా చర్చించుకున్నది లేదు. అందుకే పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ట్రాస్‌బర్గ్ రైల్‌రోడ్‌తో ఈ చర్చను మొదలుపెడుతున్నాను. దీని ప్రధాన లైను పొడవు 4.5 మైళ్లు, అంటే దాదాపు 7.2 కిలోమీటర్లు మాత్రమే. 1832 జూన్ 9న రాష్ట్ర శాసనసభ ఇచ్చిన చార్టరు, అంటే కంపెనీ స్థాపనకు ఇచ్చే అనుమతి పత్రం, కిందనే ఈ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది.

ఈ లైను పుట్టడానికి కారణం భయం. ఫిలడెల్ఫియా నుంచి పడమటికి వెళ్లే పాత బండ్లబాట మీద వ్యాపారం చేసుకుని బాగుపడిన ఊరు స్ట్రాస్‌బర్గ్. రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో ఫిలడెల్ఫియా–కొలంబియా రైలు మార్గాన్ని వేయడం మొదలుపెట్టినప్పుడు, ఆ మార్గం ఊరికి ఉత్తరంగా కొన్ని మైళ్ల దూరం నుంచి వెళ్లిపోతోందని అక్కడి వర్తకులు గ్రహించారు. రైలు వచ్చాక బండ్లబాట ఎండిపోతుందనీ, ఊరు ఆ బాటతోపాటే మరుగున పడుతుందనీ వారికి అర్థమైంది. అందుకని లీమన్ ప్లేస్ అనే చోట ప్రధాన మార్గాన్ని కలిసేలా సొంత లైనుకు అనుమతి తెచ్చుకున్నారు. ప్రభుత్వ మార్గం 1834లో పూర్తిగా తెరుచుకుంది, 1837 నాటికి స్ట్రాస్‌బర్గ్ లైను మీద బండ్లు తిరుగుతున్నాయి. తొలినాళ్లలో వాటిని లాగింది గుర్రాలే. 1851లో గానీ వీరికి ఆవిరి ఇంజన్ రాలేదు, అది కూడా వేరేవారు వాడి అమ్మినదే. ప్రభుత్వ మార్గాన్ని 1857లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ కొనుక్కుంది. అప్పటి నుంచి ఈ బుల్లి కంపెనీ ఒక మహా కంపెనీ అంచున వేలాడుతూ బతికింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లాంకాస్టర్ నుంచి విద్యుత్ ట్రాములు వచ్చి ప్రయాణికులను ఎగరేసుకుపోయాయి, ఆ తరువాత లారీలు సరకునూ పట్టుకుపోయాయి. మిగిలిన కాస్త సరకు మీదనే కంపెనీ దశాబ్దాలు లాక్కొచ్చిన తీరు ఈ చరిత్రలో నాకు అన్నిటికంటె ఆసక్తిగా అనిపించే భాగం. దాని గురించి తెలిసినవారు ముందుగా రాయగలరని కోరుతున్నాను.

వాల్తేరు యార్డు:

మంచి అంశం ఎత్తుకున్నారు. కానీ నా మొదటి సందేహం లెక్కలది. ఏడు కిలోమీటర్ల లైనుకు పట్టాలు, స్లీపర్లు, బల్లాస్టు (పట్టాల కింద పరిచే కంకర), ఒక ఇంజన్, దానికి సిబ్బంది, బీమా, తనిఖీలు అన్నీ ఉండాలి కదా. మన దగ్గర ఇంత చిన్న లైను అంటే ఒక సిమెంటు ఫ్యాక్టరీ సైడింగో (ప్రధాన లైను నుంచి చీలి ఫ్యాక్టరీలోకి వెళ్లే పక్క లైను), థర్మల్ కేంద్రం సైడింగో అయి ఉంటుంది. దాని ఖర్చు ఆ ఫ్యాక్టరీ ఖాతాలో పడుతుంది. ఎవరి ఫ్యాక్టరీకీ చెందకుండా, వచ్చిన ప్రతివాడి సరకూ తీసుకుంటూ, ఏడు కిలోమీటర్ల మీద ఒక కంపెనీ ఎలా నిలబడగలుగుతుంది?

లెక్కలపుస్తకం:

యార్డు గారి ప్రశ్నకు జవాబు 1926లో ఉంది. ఆ సంవత్సరం స్ట్రాస్‌బర్గ్ కంపెనీ ఒహాయోలోని ప్లిమత్ కర్మాగారం నుంచి 20 టన్నుల పెట్రోలు ఇంజన్ ఒకటి కొన్నది. చూడడానికి నాలుగు చక్రాల మీద నిలబెట్టిన రేకు గదిలా ఉండే ఆ యంత్రమే ఆ లైను ఆయుష్షు పెంచింది. ఆవిరి ఇంజన్‌తో రెండు వ్యాగన్లు లాగాలన్నా ముందుగా గంటల తరబడి బొగ్గు వేసి ఆవిరి పుట్టించాలి. పని అయిపోయాక బూడిద ఎత్తాలి, నీళ్లు చూసుకోవాలి, బాయిలర్‌ను క్రమం తప్పకుండా కడిగించాలి. రోజుకు ఒక వ్యాగన్, ఒక్కోసారి అది కూడా లేని లైనుకు ఇంత తతంగం పెనుభారం. ప్లిమత్ ఇంజన్‌కు ఆ గొడవ లేదు. వ్యాగన్ వచ్చిందని కబురు వస్తే స్టార్ట్ చేయడం, లీమన్ ప్లేస్‌కు వెళ్లి తెచ్చుకోవడం, తిరిగి వచ్చి షెడ్డులో పెట్టి తాళం వేయడం, అంతే. సరకు లేని రోజున ఇంజన్ మీద పైసా ఖర్చు ఉండదు. షార్ట్‌లైన్ బతుకు సూత్రమంతా ఇందులోనే ఉంది. ఖర్చు ఎప్పుడూ సరకు వెంటే నడవాలి కానీ, సరకు కంటె ముందు పరుగెత్తకూడదు.

ఇక ఆదాయం సంగతి. సరకు పంపేవారికి చాలా సందర్భాల్లో మొత్తం దూరానికి ఒకే ధర చెబుతారు. వెయ్యి మైళ్లు పెద్ద కంపెనీ మోసి, చివరి నాలుగు మైళ్లు చిన్న కంపెనీ మోస్తే, ఆ ధరలో చిన్నవారికి ఒక వాటా వస్తుంది, లేదా వ్యాగన్ ఒక్కింటికి ఇంత అని ముందుగా కుదుర్చుకున్న మొత్తం వస్తుంది. మైళ్ల లెక్కన పంచుకుంటే చిన్న కంపెనీకి చిల్లర కూడా మిగలదు కాబట్టి, వ్యాగన్ లెక్కనే ఒప్పందాలు కుదురుతాయి. ఇంకో సంగతి కూడా ఉంది. వ్యాగన్ ఎవరిదో వారికి, అది తమ పట్టాల మీద ఉన్నంత సేపూ గంటకింత అద్దె కట్టాలి. అందుకని ఖాళీ అయిన వ్యాగన్‌ను వీలైనంత త్వరగా పెద్ద కంపెనీకి తిప్పి పంపడం చిన్న కంపెనీ మేనేజరుకు నిత్యం ఉండే తాపత్రయం.

రిటైర్డ్ గూడ్స్ గార్డు:

ఈ మాటలు చదువుతుంటే నేను ఉద్యోగంలో చేరిన నాటి రోజులు గుర్తుకొచ్చాయి. అప్పట్లో మన రైల్వేలో కూడా ఒక్క వ్యాగన్ బుక్ చేసుకునే వీలుండేది. ఊరి గూడ్స్ షెడ్డులో వర్తకుడు ఇండెంటు పెడితే, పికప్ గూడ్సు వచ్చి ఒక ఖాళీ వ్యాగన్‌ను వదిలి వెళ్లేది. దాన్ని నింపాక మరో బండి వచ్చి తగిలించుకుని పోయేది. అది మార్షలింగ్ యార్డుకు చేరి, అక్కడ హంప్ (వ్యాగన్లను వాలుకు దొర్లించి విడదీసే మిట్ట) మీద విడిపోయి, ఎక్కడెక్కడి వ్యాగన్లతోనో కలిసి, ఎప్పటికో గమ్యం చేరేది. ఎప్పటికి చేరుతుందో చెప్పడం దేవుడి వల్ల కూడా అయ్యేది కాదు. 1980లలో బ్లాక్ రేకుల (ఒకే గమ్యానికి ఒకటిగా నడిచే వ్యాగన్ల వరుసల) విధానం గట్టిపడ్డాక, నింపితే మొత్తం రేకు నింపాలి, లేకుంటే లారీ చూసుకోవాలి అన్న పరిస్థితి వచ్చింది. బొగ్గు రేకు అంటే 58 వ్యాగన్లు ఒకే చోట నిండి, ఒకే చోట ఖాళీ కావాలి. నడిపేవాడికి ఇది ఎంతో సుఖం, వ్యాగన్లు చకచకా తిరుగుతాయి, రైల్వే ఉత్పాదకత పెరిగింది కూడా. కానీ చిన్న స్టేషన్ల గూడ్స్ షెడ్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

యార్డు గారు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. స్ట్రాస్‌బర్గ్ లాంటి లైను మన దేశంలో ఎందుకు లేదంటే, లీమన్ ప్లేస్‌లోలా ఒక్క వ్యాగన్ నిలబెడితే తీసుకుపోయే పెద్ద రైల్వే మనకు ఇప్పుడు లేదు. అవతల చేయి అందించేవాడు ఉంటేనే చిన్న లైను బతుకుతుంది.

సందేహాలరావు:

నాకు ఈ మొత్తం కథ మీదనే ఒక అభ్యంతరం ఉంది. స్ట్రాస్‌బర్గ్ అంటే ఆవిరి ఇంజన్ల విహారయాత్రలకు పేరు పడిన చోటు. దాన్ని సరకు రవాణా షార్ట్‌లైన్‌కు ఉదాహరణగా చూపడం ఎంతవరకు సబబు? అక్కడ డబ్బు వచ్చేది టికెట్ల మీద. సరకు ఉన్నా లేకపోయినా ఆ కంపెనీ నడుస్తుంది. నిజమైన షార్ట్‌లైన్ చూడాలంటే 1980 నాటి స్టాగర్స్ చట్టం తరువాత పెద్ద కంపెనీలు వదిలించుకున్న బ్రాంచి లైన్లను చూడాలి. ఆ చట్టం వల్ల ధరల మీద, లైన్ల అమ్మకాల మీద ప్రభుత్వ నియంత్రణ సడలింది. అంతకుముందు రెండువందల చిల్లర ఉన్న చిన్న కంపెనీలు ఇప్పుడు దాదాపు 600 ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఒకే మాతృసంస్థ ఉంటుంది. జెనసీ అండ్ వయోమింగ్ సంగతే తీసుకోండి. న్యూయార్క్ రాష్ట్రంలో ఉప్పు గని సరకు మోయడానికి 1899లో మొదలైన చిన్న లైను అది. ఇప్పుడు వందకు పైగా రైల్వేలు దాని చేతిలో ఉన్నాయి. షార్ట్‌లైన్ వ్యాపారం నడిచే తీరు అక్కడ తెలుస్తుంది కానీ, పిల్లలను ఎక్కించుకుని పొలాల మధ్య తిప్పే బండిలో కాదు.

పట్టాలబాట:

మీ అభ్యంతరంలో సగం ఒప్పుకోవలసిందే. 1950ల చివరికి ఆ లైను చావు అంచుకు చేరింది. తుపాను వానలకు పట్టాలు దెబ్బతిన్నాయి, తనిఖీ అధికారులు కఠినంగా ఉన్నారు, యజమాని వారసులు మూసివేతకు దరఖాస్తు పెట్టారు. అప్పుడు లాంకాస్టర్‌కు చెందిన హెన్రీ కె. లాంగ్ ముందుండి కొందరు రైలు అభిమానులను కూడగట్టి 1958 నవంబరు 1న దాన్ని కొన్నారు. ఆ తరువాత వారు చేసిన మొదటి పని చూడండి. విహారయాత్ర కాదు, అదే నెలలో స్థానిక మిల్లుకు ఒక సరకు వ్యాగన్ చేరవేశారు. ప్రయాణికుల బండి మొదలైంది 1959 జనవరి 4న, ఆవిరి ఇంజన్ తిరిగి వచ్చింది 1960లో.

ఒక వ్యాగన్ సరకు వల్ల లాభం వస్తుందని వారు అనుకుని ఉండరు. కానీ అందరి సరకూ మోసే రైల్వేగా ఆ కంపెనీకి ఉన్న హోదా, చార్టరు, ప్రధాన మార్గంతో ఉన్న కలయిక, ఈ మూడూ నిలవాలంటే సరకు ఆగిపోకూడదు. ఆ కలయిక తెగిపోతే అది నాలుగున్నర మైళ్ల ఒంటరి ఆటబండి అవుతుంది. వారు తరువాత సంపాదించిన ఇంజన్లూ, పెట్టెలూ ఎక్కువగా పట్టాల మీదుగానే ఆ కలయిక దాటి లోపలికి వచ్చాయి. సరదాగా ఇంకో మాట. వారి దగ్గరున్న 90వ నంబరు ఇంజన్ 1924లో బాల్డ్విన్ కర్మాగారం తయారుచేసినది. అది అంతకుముందు కొలరాడోలో చక్కెర దుంపలు మోసిన గ్రేట్ వెస్టర్న్ అనే మరో చిన్న రైల్వేది. ఒక షార్ట్‌లైన్ ఇంజన్‌కు మరో షార్ట్‌లైన్ ఆశ్రయం ఇచ్చిందన్నమాట.

లాంకాస్టర్ తెలుగు:

నేను ఉండేది ఆ ప్రాంతానికి దగ్గరలోనే కాబట్టి, అక్కడి నడక గురించి కొంత రాస్తాను. స్ట్రాస్‌బర్గ్ స్టేషన్‌కు రోడ్డు అవతల పెన్సిల్వేనియా రాష్ట్ర రైల్వే మ్యూజియం ఉంది, అది 1975లో తెరిచినది. స్టేషన్ వదిలాక లైను అంతా ఆమిష్ (ఆధునిక సౌకర్యాలకు దూరంగా బతికే క్రైస్తవ వర్గం) రైతుల పొలాల మధ్య నుంచి సాగుతుంది. కంచరగాడిదలు కట్టిన వ్యవసాయ పనిముట్లు పట్టాలకు పక్కనే కదులుతుంటాయి. దారిలో చెర్రీ హిల్, గ్రాఫ్స్ గ్రోవ్ అనే చోట్లు వస్తాయి, చివర లీమన్ ప్లేస్ వస్తుంది. అక్కడ పక్కనే ఫిలడెల్ఫియా–హారిస్‌బర్గ్ ప్రధాన మార్గం ఉంటుంది. ఆ మార్గం ఇప్పుడు ప్రయాణికుల రైళ్లు నడిపే ఆమ్‌ట్రాక్ సంస్థది, విద్యుత్ బండ్లు గంటకు 110 మైళ్ల దాకా వేగంతో దూసుకుపోతుంటాయి. సరకు బండ్లు నడిపే హక్కు మాత్రం నార్‌ఫోక్ సదరన్ కంపెనీకి ఉంది. ఆ కంపెనీ బండి ప్రయాణికుల రైళ్ల మధ్య సందు చూసుకుని వచ్చి, స్ట్రాస్‌బర్గ్‌కు వెళ్లవలసిన వ్యాగన్లను అక్కడ వదిలి, ఖాళీలను తీసుకుపోతుంది.

కొన్ని దశాబ్దాల పాటు ఈ సరకు బాగా సన్నగిల్లింది కానీ, గత పదిహేనేళ్లలో కంపెనీ దాన్ని మళ్లీ పట్టించుకుని పైకి తెచ్చింది. తమ సొంత సైడింగ్ లేని వ్యాపారులు కూడా యార్డులో వ్యాగన్ నుంచి లారీలోకి సరకు మార్చుకునే ఏర్పాటు ఉంది. ప్రయాణికుల బండి ముందు ఆవిరి ఇంజన్ ఉంటుంది కానీ, సరకు పని చాలావరకు 8618 నంబరు డీజిల్ షంటింగ్ ఇంజన్ చేస్తుంది. అప్పుడప్పుడు ఆవిరి ఇంజన్ కూడా సరకు వ్యాగన్లను లాగుతుంది, అదీ ప్రదర్శన కోసం కాకుండా నిజంగా బిల్లు పడే సరకును. ఈ దేశంలో అలాంటి దృశ్యం మరెక్కడైనా దొరకడం చాలా అరుదు.

లెక్కలపుస్తకం:

నేను అమెరికాలోనే మరో రాష్ట్రంలో ఒక షార్ట్‌లైన్ కార్యాలయంలో కొంతకాలం పనిచేశాను కనుక, వ్యాగన్ అందుకునే తంతు దగ్గరగా ఎలా ఉంటుందో చెబుతాను. సిబ్బంది ఇద్దరే, ఒకరు డ్రైవర్, రెండవవారు కండక్టర్. కండక్టర్ ముందుగా వ్యాగన్ల వెంట నడుచుకుంటూ నంబర్లను కాగితంతో సరిచూసుకుంటాడు, హ్యాండ్‌బ్రేకు చక్రాలను ఒక్కొక్కటిగా తిప్పి వదులుతాడు, బ్రేకు గొట్టాలను ఒకదానికొకటి తగిలించి గొట్టంలోకి గాలి వదిలే కోణపు కవాటాన్ని నెమ్మదిగా తెరుస్తాడు. ఒక్కసారిగా తెరిస్తే గాలి ఒత్తిడి పడిపోయి బ్రేకులు గట్టిగా పట్టేస్తాయి. అన్ని వ్యాగన్లలోకీ గాలి చేరి, బ్రేకు దిమ్మలు చక్రాలను పట్టుకోవడం, వదలడం తన కళ్లతో చూశాకే కదలమంటాడు.

వెనక్కి నెట్టుకుంటూ వెళ్లవలసి వచ్చినప్పుడు డ్రైవర్‌కు ముందు దారి కనిపించదు. కండక్టర్ చివరి వ్యాగన్ దగ్గర ఉండి, ఇంకా ఎంత దూరముందో వ్యాగన్ల లెక్కన రేడియోలో చెబుతుంటాడు, పది, అయిదు, మూడు, ఒకటి, ఆపు అని. చెప్పిన దూరంలో సగం నడిచేలోపు మళ్లీ మాట వినపడకపోతే డ్రైవర్ బండి ఆపేయాలి, అది నియమం. రేడియో బ్యాటరీ అయిపోయినా, కండక్టర్ జారిపడినా, మౌనమే ఎర్ర జెండా అవుతుంది. చిన్న లైను కదా అని ఇందులో దేనికీ మినహాయింపు లేదు.

వాల్తేరు యార్డు:

సగం దూరం నియమం నాకు కొత్తగా తెలిసింది, ధన్యవాదాలు. ఇక పట్టాల బరువు సంగతి ఎవరైనా చెప్పగలరా? వంద సంవత్సరాల నాటి పట్టాల మీద ఈనాటి వ్యాగన్లను ఎలా మోస్తున్నారు?

రిటైర్డ్ గూడ్స్ గార్డు:

అమెరికా షార్ట్‌లైన్లన్నిటికీ ఇదే పెద్ద తలనొప్పి అని చదివాను. అక్కడ ఒకప్పుడు నిండు వ్యాగన్ గరిష్ఠ బరువు 2,63,000 పౌండ్లు, అంటే సుమారు 119 టన్నులు. ఆ తరువాత పెద్ద కంపెనీలు 2,86,000 పౌండ్లకు, దాదాపు 130 టన్నులకు వెళ్లిపోయాయి. నాలుగు ఇరుసుల మీద పంచితే ఇరుసుకు 32 టన్నులు దాటుతుంది. మన మార్గాల్లో చాలావాటి మీద అనుమతించే 22.9 టన్నులతో పోల్చి చూడండి. పెద్ద కంపెనీ తన వ్యాగన్‌ను నిండుగా నింపుకుని వచ్చి కలయిక దగ్గర నిలబెడుతుంది. చిన్న కంపెనీ వంతెన ఆ బరువుకు ఆగకపోతే ఆ సరకు వదులుకోవాలి, లేదా తక్కువ నింపి పంపమని బతిమాలాలి. తక్కువ నింపితే టన్నుకు ఖర్చు పెరుగుతుంది, ఆ వర్తకుడు లారీ వైపు చూస్తాడు.

వేగం సంగతికి వస్తే, అక్కడ పట్టాలను స్థితిని బట్టి తరగతులుగా విభజించారు. మొదటి తరగతి పట్టాల మీద సరకు బండి గంటకు 10 మైళ్లు, ప్రయాణికుల బండి 15 మైళ్లు మించకూడదు. రెండవ తరగతిలో అవి 25, 30. ఏడు కిలోమీటర్ల లైనుకు వేగం ఎలాగూ పెద్ద విషయం కాదు కాబట్టి, స్లీపర్లు కుళ్లకుండా, పట్టాల మధ్య దూరం సరిగ్గా ఉండేలా చూసుకుంటే చాలు.

లెక్కలపుస్తకం:

దానికి ప్రభుత్వం నుంచి కొంత ఆసరా ఉంది. 2005 నుంచి అమలైన 45జీ అనే పన్ను రాయితీ కింద చిన్న రైల్వేలు పట్టాల మరమ్మతుకు పెట్టిన ఖర్చులో కొంత భాగాన్ని పన్నులోంచి మినహాయించుకోవచ్చు. అయితే మైలుకు 3,500 డాలర్ల పరిమితి ఉంది. ప్రతి కొన్నేళ్లకోసారి గడువు ముగుస్తూ, మళ్లీ పొడిగిస్తూ వచ్చిన ఆ రాయితీని 2020 డిసెంబరులో శాశ్వతం చేశారు. 4.5 మైళ్ల ప్రధాన లైనుకు లెక్క వేస్తే గరిష్ఠంగా వచ్చేది ఏడాదికి 15,750 డాలర్లు. దీంతో వంతెన కట్టలేరు, స్లీపర్ల ఖర్చుకు చేదోడుగా మాత్రం ఉంటుంది. వందల మైళ్లున్న షార్ట్‌లైన్‌కు అదే రాయితీ పెద్ద మొత్తం అవుతుంది. సందేహాలరావు గారు చెప్పిన బ్రాంచి లైన్లకు దీని విలువ ఎక్కువ.

సందేహాలరావు:

అంటే నా మాట నిలబడినట్టే కదా. స్ట్రాస్‌బర్గ్‌కు ఆసరా ఆ రాయితీ కాదు, టికెట్ల డబ్బే.

లాంకాస్టర్ తెలుగు:

టికెట్లతో పాటు మరొకటి ఉంది, మీరిద్దరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ కంపెనీకి స్ట్రాస్‌బర్గ్‌లో పెద్ద వర్క్‌షాపు ఉంది. ఇతర రైల్వేలు, మ్యూజియాలు తమ బాయిలర్లను, పెట్టెలను అక్కడికి పంపి బాగుచేయించుకుంటాయి. 2022 నవంబరు 2న జరిగిన ప్రమాదంలో దాని విలువ బాగా తెలిసివచ్చింది. 1906లో తయారైన 475 నంబరు ఇంజన్ లీమన్ ప్లేస్ దగ్గర బండి నుంచి విడిపోయి రెండవ చివరకు తిరిగి వస్తుండగా, పాయింట్లు (బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పట్టాలు) సైడింగ్ వైపు ఉండడంతో అటు మళ్లి, అక్కడ నిలిపి ఉంచిన ఎక్స్‌కవేటర్ యంత్రాన్ని ఢీకొన్నది. ఆ యంత్రం ఇంజన్ ముందు భాగంలోకి చొచ్చుకుపోయిన వీడియో లోకమంతా చూసింది. వేరే చోట అయితే ఆ ఇంజన్ నెలల తరబడి మూలపడి ఉండేది. ఇక్కడ సొంత షాపులోనే మరమ్మతు చేసుకుని కొద్ది రోజుల్లో మళ్లీ పట్టాల మీద పెట్టారు.

సరకు, టికెట్లు, వర్క్‌షాపు, ఈ మూడింటిలో ఏది దేన్ని పోషిస్తోందని విడదీయడం నాకు కుదరని పనిగా తోస్తుంది. ప్రయాణికుల కోసం పట్టాలు బాగుచేస్తే సరకుకూ పనికొస్తాయి, సరకు వల్ల ప్రధాన మార్గంతో కలయిక నిలిస్తే వర్క్‌షాపు పనికి వచ్చే పెట్టెలు పట్టాల మీదుగా చేరగలవు.

వాల్తేరు యార్డు:

మన వైపు దీనికి దగ్గరగా ఉన్నవి ఏమైనా ఉన్నాయా అని ఆలోచించాను. విశాఖ పోర్టుకు సొంత రైల్వే వ్యవస్థ ఉంది, యార్డులు ఉన్నాయి, కానీ అది రేవు అవసరాల కోసం. ఓబులవారిపల్లె–కృష్ణపట్నం లైను 2019లో పూర్తిగా తెరుచుకుంది. దాన్ని వేసింది కృష్ణపట్నం రైల్వే కంపెనీ అనే ప్రత్యేక సంస్థ. లైను యాజమాన్యం వరకు అది వేరే కంపెనీయే అయినా, బండి నడిపేది మాత్రం భారతీయ రైల్వేయే, ఇంజన్, డ్రైవర్, నియమాలు అన్నీ వారివే. విదర్భలో పత్తి మోయడానికి వేసిన యవత్మాల్–ముర్తిజాపూర్–అచల్‌పూర్ చిన్నగేజి లైను, అందరూ శకుంతల అని పిలుచుకునేది, జాతీయీకరణ తరువాత కూడా ప్రైవేటు కంపెనీ ఆస్తిగానే మిగిలిపోయింది. అక్కడ కూడా నడిపింది మనవాళ్లే. ఆస్తి ఒకరిది, నడక ఒకరిది కావడం వల్ల లైను బాగుచేయాలన్న పట్టుదల ఇద్దరిలో ఎవరికీ లేకపోయింది.

రిటైర్డ్ గూడ్స్ గార్డు:

యార్డు గారు చెప్పినది సరైన తేడా. స్ట్రాస్‌బర్గ్‌లో పాయింట్లు తిప్పేవాడు, వర్తకుడితో ధర మాట్లాడేవాడు, స్లీపరు మార్చాలా వద్దా అని నిర్ణయించేవాడు ఒకే కప్పు కింద ఉంటారు. మిల్లువాడు ఫోన్ చేసి రేపు కాదు ఎల్లుండి తెచ్చిపెట్టమంటే, మేనేజరు బయటికి వచ్చి డ్రైవర్‌తో ఆ మాట చెప్పగలడు. మన దగ్గర అదే మాట గూడ్స్ షెడ్డు నుంచి డివిజన్‌కు, అక్కడి నుంచి జోన్‌కు వెళ్లి రావాలి. ఒక్క వ్యాగన్ కోసం ఆ ప్రయాణం ఎవరూ చేయరు.

సందేహాలరావు:

లాంకాస్టర్ తెలుగు గారికి ఒక ప్రశ్న. లీమన్ ప్లేస్ దగ్గర నార్‌ఫోక్ సదరన్ బండి రావడం మానేస్తే, అంటే ఒక్కో వ్యాగన్ కోసం ఆగడం తమకు గిట్టుబాటు కాదని ఆ కంపెనీ అనుకుంటే, స్ట్రాస్‌బర్గ్ చేయగలిగింది ఏమైనా ఉందా?

లాంకాస్టర్ తెలుగు:

చట్టప్రకారం పెద్ద కంపెనీ తనంతట తాను ఒక రోజున రావడం మానేయడానికి వీల్లేదు. న్యాయమైన కోరిక మీద సరకు మోయవలసిన బాధ్యత దానికి ఉంది, ఫిర్యాదు వినడానికి వాషింగ్టన్‌లో సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు ఉంది. కానీ రావడం మానకుండానే, వారానికి వచ్చే రోజులు తగ్గించవచ్చు, ధర పెంచవచ్చు, వ్యాగన్‌ను ఎక్కడో యార్డులో రోజుల తరబడి నిలిపి ఉంచవచ్చు. షార్ట్‌లైన్ మేనేజర్లు నిజంగా భయపడేది దీనికే. అందువల్లనే స్ట్రాస్‌బర్గ్ లాంటివారు ఒకే పెద్ద వర్తకుడి మీద ఆధారపడకుండా, లారీలోకి మార్చుకునే చిన్న చిన్న వర్తకులను వెతికి పట్టుకుంటున్నారు. అలా వచ్చే వ్యాగన్లు పెరిగిన కొద్దీ, అక్కడ ఆగడం వల్ల నార్‌ఫోక్ సదరన్‌కూ గిట్టుబాటు అవుతుంది.